యెరెవాన్ కాస్కేడ్: 572 మెట్లు, ఏడు ఎస్కలేటర్లు, మా అమ్మ మోకాళ్ళు

దుబాయ్ షార్జా వైపు నుంచి పండగ సెలవులకి ఆర్మేనియా వెళ్ళే మనవాళ్ళు చాలామంది కాస్కేడ్ దగ్గర ఒకే తప్పు చేస్తున్నారు, మొదటిసారి నేనూ అదే చేశాను కాబట్టి ముందే చెప్తున్నా. మిట్ట మధ్యాహ్నం టాక్సీలో దిగడం, కింద పిల్లి బొమ్మ దగ్గర ఒక ఫోటో, వంద మెట్లు ఎక్కేసరికి నోరెండిపోవడం, "ఏముందిరా ఇక్కడ మెట్లు తప్ప" అనుకుని వెనక్కి తిరగడం. ఆ ట్రిప్‌లో నేను ఫ్రెండ్స్‌తో వెళ్ళా, నలుగురం కలిసి మొత్తం ముప్పావుగంట ఉన్నామేమో, అక్కణ్ణుంచి కనపడే మంచుకొండ కనిపించలేదు, లోపల ఎస్కలేటర్ ఉందని కూడా తెలీలేదు. వచ్చాక ఎవరైనా అడిగితే పర్లేదు, చూడకపోయినా నష్టం లేదు అని చెప్పేవాణ్ణి. ఈసారి అమ్మ, మా ఆవిడ, ఆరేళ్ళ పాపతో వెళ్ళి రెండు రోజుల్లో మూడు పూటలు అక్కడే తిరిగాక ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. యెరెవాన్ మధ్యలో ఆపెరా హౌస్ ఉంటుంది, దానికి కాస్త ఉత్తరంగా ఒక గుట్ట, ఆ గుట్ట ఒక పక్కంతా లేత రంగు రాయితో మెట్లు మెట్లుగా కప్పేశారు. 572 మెట్లు, 50 మీటర్ల వెడల్పు. మెట్లంటే మన గుడి మెట్లలా ఒకే వరసగా పోవు, కొన్ని మెట్లు ఎక్కగానే ఒక పెద్ద అరుగు, అక్కడ ఫౌంటెన్లు, పూలమొక్కలు, బొమ్మలు, మళ్ళీ రెండు పక్కల నుంచి మెట్లు, మళ్ళీ అరుగు. మెట్ల కింద, అంటే గుట్ట లోపల, కాఫెస్‌జ్యాన్ ఆర్ట్ సెంటర్ అని ఒక మ్యూజియం. మెట్ల ముందు కింద పొడుగ్గా ఒక తోట, దాంట్లోనూ బొమ్మలే. బయట మెట్లకి, తోటకి, లోపల ఎస్కలేటర్‌కి డబ్బులు లేవు, కొన్ని గ్యాలరీలకి మాత్రం టికెట్.

మాది తెనాలి దగ్గర. అమ్మకి 67, రెండు మోకాళ్ళూ అరిగాయని డాక్టర్ చెప్పి మూడేళ్ళయింది. అయినా ఆవిడ దృష్టిలో మెట్లంటే ఎక్కాల్సినవే. వయసులో ఉన్నప్పుడు అలిపిరి నుంచి 3550 మెట్లూ పసుపు కుంకుమ పెడుతూ ఎక్కిన మనిషి. కాస్కేడ్ కింద నిలబడి తలెత్తి చూసి అడిగిన మొదటి ప్రశ్న "పైన ఏ స్వామిరా?" అని. గుడి లేదమ్మా అన్నాను. "మరి ఇన్ని మెట్లెందుకు కట్టారు?" అంది. నా దగ్గర సమాధానం లేదు, నిజం చెప్పాలంటే మొదటిసారి వచ్చినప్పుడు నాకూ అదే డౌటు. అయినా వంగి మొదటి మెట్టుని తాకి కళ్ళకద్దుకుంది, అలవాటు. పక్కన ఐస్‌క్రీం తింటున్న జంట చూసి నవ్వారు, వెక్కిరింతగా కాదులెండి, ముచ్చటగానే.

ఎందుకు కట్టారో చెప్పే మనిషి కిందే ఉన్నాడు. తోట మొదట్లో రాతి విగ్రహం, ఒక పెద్దాయన బల్ల మీదకి వంగి రెండు చేతులూ ఆనించి కిందకి చూస్తూ ఉంటాడు. అమ్మ "ఎవర్రా ఈయన, టైలరా?" అంది, నిజంగానే కటింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచి కొలతలు చూస్తున్నట్టే ఉంటాడు. ఆయన అలెగ్జాండర్ తమన్యాన్, ఆర్కిటెక్ట్, 1924లో ఇప్పటి యెరెవాన్ ప్లాన్ గీసింది ఆయనే, ఆ ఆపెరా హౌస్ కూడా ఆయనదే. కింద ఊరినీ పైన ఉత్తరం గుట్టనీ తోటలతో, మెట్లతో, నీళ్ళతో కలపాలని ఆయన ఆలోచన. ఆయన 1936లో పోయాడు, ఆలోచన కాగితం మీదే ఉండిపోయింది. 70ల్లో జిమ్ తొరోస్యాన్ అని ఊరికి చీఫ్ ఆర్కిటెక్ట్‌గా చేసినాయన మళ్ళీ దాన్ని బయటికి తీసి ఎస్కలేటర్లు, లోపల హాళ్ళు కలిపి కొత్తగా గీశాడు. కట్టడం మొదలైంది, సగం పైన అయింది, ఈలోపు 1988 డిసెంబర్ 7న స్పిటాక్ భూకంపం వచ్చింది. ఊళ్ళకి ఊళ్ళు పోయాయి, పాతిక వేల మంది చనిపోయారంటారు. ఇంకెవడు మెట్లు కడతాడు? తర్వాత 1991లో సోవియట్ యూనియనే లేకుండా పోయింది. పదేళ్ళకి పైగా అలా వదిలేసిన దాన్ని 2002లో జెరార్డ్ కాఫెస్‌జ్యాన్ అనే అమెరికా ఆర్మేనియన్ వ్యాపారి పూనుకుని బాగుచేయించడం మొదలుపెట్టాడు, తను జీవితాంతం కొనుక్కున్న బొమ్మలు, గాజు సామాన్లు తెచ్చి ఇక్కడ పెట్టించాడు, 2009 నవంబర్‌లో తెరిచారు. ఆయన పుట్టింది బ్రూక్లిన్‌లో. మనవాళ్ళు అమెరికాలో సంపాదించి సొంతూళ్ళో కళ్యాణ మండపం కట్టించడం లాంటిదే అనుకోండి, కాకపోతే సైజు వేరు.

బొమ్మల సంగతి. ఆర్ట్ నాకు పెద్దగా తెలీదు కానీ ఇక్కడ తెలియాల్సిన పని కూడా లేదు, తాళ్ళు కట్టి గాజు పెట్టెలో పెట్టినవి కావు, గడ్డిలో, దారి మీద, మెట్ల పక్కన మనుషుల మధ్యే ఉంటాయి. కొలంబియా శిల్పి బొతేరోవి మూడున్నాయి, మూడూ లావే. కంచు పిల్లి ఒకటి, తోక కూడా లావే దానికి, పిల్లలంతా దాని చుట్టూనే. బోర్లా పడుకుని సిగరెట్ తాగుతున్న లావుపాటి ఆవిడ ఒకటి. మూడోది రోమన్ యోధుడు, నెత్తిన హెల్మెట్, చేతిలో డాలు, ఒంటి మీద నూలుపోగు లేదు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని మొహం అటు తిప్పేసింది, పాప మాత్రం "నాన్నా ఈ తాత డ్రెస్ మర్చిపోయాడా" అని ఊరంతా వినపడేలా అడిగింది. అక్కడే ఎక్కడో ఒక తెలుగు ఫ్యామిలీ ఉన్నట్టుంది, వెనకనుంచి పకపకా నవ్వు వినపడింది.

నాకు నచ్చింది సింహం. కొరియా శిల్పి జీ యోంగ్ హో పాత టైర్లతో చేశాడు. దూరం నుంచి చూస్తే నల్లటి కంచు సింహం, మీదకి దూకబోతున్నట్టు. నాలుగడుగుల్లోకి వెళ్ళాక తెలుస్తుంది, భుజం కండ అనుకున్నది టైరు ముక్క, ఆ కండ మీద నరాల్లాగా కనపడ్డ గీతలు టైరు గాళ్ళు. రబ్బరుని ఎక్కడికక్కడ పట్టీలుగా కోసి, వంపు ఎటు ఉంటే అటు తిప్పి అంటించాడు, మెడ దగ్గర అరిగిపోయిన నున్నటి ముక్కలు, జూలు దగ్గర లోతు గాళ్ళున్నవి. నేను పదేళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో మా మామయ్య టైర్ల షాపులో సెలవులు గడిపినవాణ్ణి, పాత టైరుకి అరుగుదల చూసి రేటు కట్టడం తప్ప దాంట్లో సింహం ఉందని ఏనాడూ తట్టలేదు. పది నిమిషాలు అక్కడే నిలబడిపోయా, మా ఆవిడ వచ్చి "ఏవండీ, కొంటారా ఏంటి" అనేదాకా.

ఇంకా ఎగిరే కుందేళ్ళు ఉంటాయి, బారీ ఫ్లానగన్ అనే ఆయనవి, ఒకటి గంట మీద దూకుతూ ఉంటుంది, పాపకి అవి తెగ నచ్చాయి. స్టీలు అక్షరాలతో అల్లిన మనిషి ఒకడు మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉంటాడు, లోపలంతా బోలు, అక్షరాల సందుల్లోంచి అవతల మెట్లు కనపడతాయి. ఆర్మేనియా వాళ్ళకి అక్షరాల పిచ్చి బాగా ఎక్కువ, వాళ్ళ లిపి తయారుచేసిన మెస్రోప్ మాష్తోత్స్ పేరు మీద వీధులు, పాత రాతప్రతుల కోసం ఒక పెద్ద మ్యూజియం, అదీ ఇక్కడికి నడిచిపోయేంత దూరమే. కాబట్టి ఆ అక్షరాల మనిషి స్పెయిన్ శిల్పి చేసినదైనా సరైన ఊరికే చేరాడనిపించింది.

ఇప్పుడు ఎస్కలేటర్. అసలు ఈ రివ్యూ రాస్తున్నదే దీని కోసం. కింద తలుపు లోపలికి వెళ్తే చల్లగా, నిశ్శబ్దంగా, గుట్ట లోపల ఏటవాలుగా పైకి పోయే ఎస్కలేటర్, ఒకటి దిగితే ఇంకోటి, మొత్తం ఏడు. పక్కనే ఒక్కో మలుపులో బొమ్మలు, కుర్చీలు, పెయింటింగులు, ఎస్కలేటర్ మీద నిలబడే మ్యూజియం చూసేయొచ్చు. చక్కగా ఉంది కదా, కానీ మా అమ్మకి ఎస్కలేటర్ అంటే ప్రాణం పోతుంది. హైదరాబాద్‌లో ఒక మాల్‌లో ఎప్పుడో చీర అంచు ఇరుక్కోబోయిందట, అప్పటినుంచి లిఫ్టే. మొదటి ఎస్కలేటర్ ముందు కుచ్చిళ్ళు ఎడం చేత్తో గుప్పిట పట్టి పైకెత్తి, కుడి చేత్తో నా భుజం పట్టుకుని, ఒక మెట్టు వదిలి, ఇంకో మెట్టు వదిలి, మూడోదానికి కళ్ళు మూసుకుని కాలు పెట్టింది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు ఓపిగ్గా ఆగారు, ఎవరూ ఏమీ అనలేదు. దిగేటప్పుడు చిన్న గెంతు. రెండోదానికి కళ్ళు తెరిచి ఉంచింది. మూడోదానికి నా భుజం వదిలేసి రెయిలింగ్ పట్టుకుంది. అయిదోదానికొచ్చేసరికి నేను పక్కన ఒక పెయింటింగ్ చూస్తూ ఆగిపోతే ఆవిడ పాపని తీసుకుని నాకంటే ముందే పైకి వెళ్ళిపోయి అక్కడ్నుంచి "రారా, ఏంటి ఆలస్యం" అంటోంది. ఇంట్లో పెద్దవాళ్ళకి ఎస్కలేటర్ భయం ఉంటే దీనికి మించిన ట్రెయినింగ్ సెంటర్ లేదు, వరసగా ఏడు, ఫీజు లేదు.

మధ్యలో గ్రిగోర్ ఖాంజ్యాన్ వేసిన పెద్ద గోడ బొమ్మలు మిస్ కాకండి. మూడు బొమ్మలు, ఒకటి లిపి పుట్టుక, రెండోది 451లో పర్షియన్లతో జరిగిన అవరాయ్ర్ యుద్ధం, మూడోది ఆర్మేనియా మళ్ళీ లేచి నిలబడటం. యుద్ధం బొమ్మ ముందు పది నిమిషాలైనా కూర్చోవాలి, ఏనుగులు, గుర్రాలు, ఈటెలు, ఎక్కడ మొదలుపెట్టి చూడాలో తెలీదు. అమ్మ చూసి "కురుక్షేత్రమా" అంది, ఏనుగులుంటే ఇంకేం అనుకుంటుంది మరి. కథ చెప్పాను, ఆ యుద్ధంలో ఆర్మేనియా వాళ్ళు ఓడిపోయారు, వాళ్ళ సేనాపతి వర్దాన్ చనిపోయాడు, అయినా వాళ్ళ మతం నిలబడింది అని ఇప్పటికీ ఆ రోజుని పండగలా చేసుకుంటారు. "ఓడిపోయిన యుద్ధానికి ఇంత పెద్ద బొమ్మా" అని కాసేపు ఆలోచనలో పడింది.

పైకి వచ్చాం. తలుపు తోసి బయటికి అడుగుపెట్టగానే ఎండ మొహాన కొట్టింది, ఆ లేత రాయి మీద పడి ఎదురు కొడుతుంది, కళ్ళద్దాలు లేకపోతే కష్టం. రెండు సెకన్లు ఏమీ కనపడలేదు. తర్వాత కింద ఊరు, టఫ్ అనే గులాబీ రంగు అగ్నిపర్వతపు రాయితో కట్టిన బిల్డింగులు, ఆపెరా గుండ్రటి కప్పు, ఆ వెనకాల, ఊరు అయిపోయిన చోట, ఆకాశంలో తెల్లగా ఒక కొండ. కింద భాగం పొగమంచులో కలిసిపోయి మంచు శిఖరం ఒక్కటే గాల్లో వేలాడుతున్నట్టు. అదే అరరాత్, 5137 మీటర్లు, పక్కనే దాని చిన్న తమ్ముడు. మొదటి ట్రిప్‌లో మధ్యాహ్నం కింద మెట్ల మీంచి చూస్తే నాకు తెల్లటి పొగ తప్ప ఏమీ కనపడలేదు. ఈసారి టిఫిన్ కాగానే బయల్దేరాం కాబట్టి దొరికింది. వేసవిలో పదకొండు దాటితే ఆశ వదులుకోవాల్సిందే, ఇది గుర్తుపెట్టుకోండి.

అమ్మ వెంటనే దండం పెట్టేసింది. స్వామి దొరికాడు కదా ఇక. నేను చెప్పాను, అమ్మా వీళ్ళకీ అది పవిత్రమైన కొండే, జలప్రళయం అయ్యాక నోవా ఓడ ఆగింది అక్కడే అంటారు, వీళ్ళ రాజముద్ర మీద కూడా ఇదే కొండ, బ్రాందీ సీసా మీద కూడా ఇదే, కానీ కొండ వీళ్ళ దేశంలో లేదు, టర్కీలో ఉంది, 1993 నుంచి ఆ బోర్డర్ మూసేసి ఉంది. అమ్మ ఒక్క క్షణం చూసి "మన భద్రాచలంలాగా అన్నమాట, రాముడు ఆ రాష్ట్రం, రాముడి పొలాలు ఈ రాష్ట్రం" అంది. నవ్వొచ్చింది కానీ అంతలోనే తనే "మనకి బస్సుంది కదా పాపం" అని కలిపింది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, అక్కడ గట్టు మీద కూర్చుని చూస్తూనే ఉంది. నేను ఫోన్ తీసి ఫోటోలు తీశా, ఒక్కదాంట్లోనూ కొండ సరిగా రాలేదు, కంటికి అంత పెద్దగా కనపడేది ఫోన్‌లో గోరంత తెల్ల మచ్చ. ఫోటో కోసం వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు, చెప్తున్నా.

వెనక్కి తిరిగితే ఇంకో సీన్. నేను వెళ్ళినప్పుడు మెట్లు అయిపోయిన చోటికీ, ఇంకా పైన రోడ్డు పక్కనున్న పొడుగాటి సోవియట్ స్తంభానికీ మధ్య ఒక పెద్ద గొయ్యి, దాంట్లో కాంక్రీటు స్తంభాలు, బయటికి పొడుచుకొచ్చిన తుప్పు చువ్వలు, అచ్చం డబ్బులైపోయి ఆపేసిన అపార్ట్‌మెంట్ లాగా. ముందుకి చూస్తే యుగాల నాటి కొండ, పూలమొక్కలు, శిల్పాలు, వెనక్కి చూస్తే పని ఎక్కడాగిందో అక్కడే. కొంతమంది దీన్ని చూసి ఛీ ఛీ శుభ్రంగా లేదు అంటారు. నాకు మాత్రం కింద పిల్లి కంటే, కుందేళ్ళ కంటే ఇదే ఎక్కువ గుర్తుంది. తమన్యాన్ గీసినది పూర్తి చెయ్యడానికి ఇద్దరు ముగ్గురు ప్రయత్నించినా ఇంకా కొంచెం మిగిలే ఉంది. పక్కదారిన రోడ్డు మీదకి వెళ్తే ఆ స్తంభం, ఇంకాస్త నడిస్తే విక్టరీ పార్కులో కత్తి పట్టుకున్న ఆర్మేనియా తల్లి విగ్రహం. ఆ దిమ్మ మీద ముందు స్టాలిన్ ఉండేవాడు, ఆయన్ని 1962లో దించేసి 1967లో ఈ తల్లిని పెట్టారు. మేం వెళ్ళలేదు, పాపకి ఆకలి.

ఇక్కడ నా ప్లాన్ బెడిసికొట్టింది. పైకి ఎస్కలేటర్, కిందికి మెట్లు, హాయిగా దిగుతూ బొమ్మలు చూడొచ్చు అని గొప్పగా చెప్పి అమ్మని తీసుకొచ్చా. తీరా రెండు వరసలు దిగేసరికి ఆవిడ మోకాలు పట్టుకుని కూర్చుండిపోయింది. "ఎక్కేటప్పుడు ఆయాసమేరా, నొప్పంతా దిగేటప్పుడే, మోకాళ్ళ పర్వతం దగ్గర నీకు తెలీదూ" అంది. నిజమే, అరిగిన మోకాళ్ళకి దిగడమే కష్టం, డాక్టరూ చెప్పాడు, నేనే బుర్ర వాడలేదు. అదృష్టం ఏంటంటే ప్రతి అరుగు దగ్గరా లోపలికి తలుపులున్నాయి, ఎక్కడ కావాలంటే అక్కడ మెట్లు వదిలేసి ఎస్కలేటర్‌లోకి వెళ్ళిపోవచ్చు. కాబట్టి నా సవరించిన సలహా: మోకాళ్ళు బాగున్నవాళ్ళు ఎస్కలేటర్‌లో పైకి, నడుచుకుంటూ కిందికి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఓపికున్నంత మెల్లగా ఎక్కండి, దిగడం మాత్రం ఎస్కలేటర్ మీదే.

అమ్మ కూర్చున్న గట్టు మీదే ఒక ముసలావిడ కూడా కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక సంచి, కూరలకి వచ్చినట్టుంది, ఆవిడకి ఇది షార్ట్‌కట్ అనుకుంటా. అమ్మ మోకాలు నొక్కుకోవడం చూసి ఆవిడ తన మోకాలు చూపించి ఏదో అంది. అమ్మ తెలుగులో "రెండూనా?" అంది. ఆవిడ రెండు వేళ్ళు చూపించింది. అమ్మ "నాకూ రెండే" అంది. అలా ఒక పది నిమిషాలు, ఈవిడ తెలుగులో ఆవిడ ఆర్మేనియన్‌లో, మధ్యలో ఒకరి మోకాలు ఒకరు తట్టుకుంటూ. చివర్లో ఆవిడ సంచిలోంచి మూడు ఆప్రికాట్లు తీసి పాప చేతిలో పెట్టింది. జూన్‌లో వెళ్తే ఆప్రికాట్ తినకుండా రాకండి, మన దగ్గర దొరికే ఎండు ఆప్రికాట్‌కి, దీనికి సంబంధమే లేదు, చెయ్యి తగిలితే రసం కారేంత మెత్తగా ఉంటాయి. దాని శాస్త్రీయ నామంలోనే ఆర్మేనియా ఉంది.

నేను, మా ఆవిడ మిగతా మెట్లు దిగాం. దారిలో ఒక నీళ్ళ తొట్టిలోకి దూకబోతున్నట్టు వరసగా నిలబడ్డ ముగ్గురు మనుషుల బొమ్మలున్నాయి. చాడ్విక్ అనే శిల్పి చేసిన ఇద్దరాడవాళ్ళ బొమ్మ ఒకటుంది, మెట్ల మీద ఒకావిడ ఎక్కుతూ ఒకావిడ దిగుతూ ఎదురుపడ్డట్టు, బొమ్మ పేరే "మెట్లు". ఇందాకటి గట్టు సీన్ అయ్యాక దాన్ని చూస్తే తెగ నచ్చేసింది.

తిండి దగ్గరే దెబ్బ తిన్నాం. తోటకి రెండు వైపులా కేఫ్‌లు, బయట కుర్చీలు, గొడుగులు, చూడ్డానికి బ్రహ్మాండం. ఒకదాంట్లో కూర్చున్నాం, పేరు వద్దులెండి. మాంసం లేని సూప్ అని మూడుసార్లు చెప్పి, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి మరీ చూపించాం, నలభై నిమిషాల తర్వాత వచ్చిన గిన్నెలో అమ్మ స్పూన్ పెట్టగానే ముక్క తేలింది. ఏంటయ్యా అంటే "మీట్ నో, బీఫ్" అన్నాడు. పైగా బిల్లులో పది శాతం సర్వీస్ చార్జ్, అది ఆ ఊళ్ళో చాలాచోట్ల మామూలేనట, మెనూలో చివర చీమంత అక్షరాల్లో రాసుంటుంది, ఆర్డర్ చేసే ముందే చూసుకోండి. అక్కణ్ణుంచి రెండు వీధులవతలకి నడిచి ఒక చిన్న కొట్టులో జెంగ్యాలోవ్ హాత్స్ తిన్నాం. రకరకాల ఆకుకూరలు సన్నగా తరిగి పల్చటి రొట్టెలో కూరి పెనం మీద కాల్చి ఇస్తారు, పూర్తిగా శాకాహారం, ధైర్యంగా తినొచ్చు. దాంతో తాన్ అని ఇస్తారు, అది ఉప్పేసిన మజ్జిగ, అచ్చంగా మన మజ్జిగే. అమ్మ రెండు గ్లాసులు తాగి "ఇది ముందే చెప్పొచ్చుగా" అంది.

సాయంత్రం మళ్ళీ వెళ్ళాం, ఇది అసలు మిస్ కాకూడదు. పొద్దున టూరిస్టులది, సాయంత్రం ఊరివాళ్ళది. ఆఫీసులయ్యాక జనమంతా అక్కడికే వస్తారు, మెట్ల మీద గుంపులు గుంపులుగా కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ కబుర్లు, ఒక పక్క ఎవడో గిటార్, ఇంకో పక్క స్కేట్‌బోర్డులు, పిల్లి మీదకి ఎక్కబోయే పిల్లల్ని అరుస్తున్న అమ్మమ్మలు. వేసవిలో కొన్ని సాయంత్రాలు కచేరీలు కూడా పెడతారు. ఆ సందట్లో వెనకనుంచి "ఒరేయ్ మామా కొంచెం పక్కకి జరగరా, ఫ్రేమ్‌లో నీ బుర్రే ఉంది" అని వినపడింది. మన మెడిసిన్ పిల్లలు. యెరెవాన్‌లో ఇండియా నుంచి వచ్చి మెడిసిన్ చదివేవాళ్ళు చాలామంది, మన రెండు రాష్ట్రాల వాళ్ళూ ఉంటారు. అమ్మ ఊరుకుంటుందా, ఏ ఊరు బాబూ, హాస్టల్లో తిండెలా ఉంది, అన్నం దొరుకుతోందా. చివరికి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి గోంగూర పచ్చడి ప్యాకెట్ తీసింది, మాకోసం తెచ్చిందే, మొత్తం వాళ్ళకిచ్చేసింది. వాళ్ళల్లో ఒకడు ఆ ప్యాకెట్ పట్టుకుని అరరాత్ కంటే ఎక్కువ భక్తిగా చూశాడు.

వాళ్ళతో మాటల్లోనే ఒక విషయం గుర్తొచ్చి చెప్పాను, మీకూ చెప్తా, మెట్లకి సంబంధించిందే. 18వ శతాబ్దంలో మద్రాసులో పెట్రస్ ఉస్కాన్ అని ఒక ఆర్మేనియన్ వర్తకుడు ఉండేవాడు, సెయింట్ థామస్ మౌంట్ కొండకి మెట్లు కట్టించింది ఆయనే, తన సొంత డబ్బుతో. ప్రపంచంలో మొదటి ఆర్మేనియన్ పత్రిక అజ్దరార్ అచ్చయింది కూడా మద్రాసులోనే, 1794లో. అంటే ఊరికి దూరంగా పోయి సంపాదించి మెట్లు కట్టించడం వీళ్ళకి కాఫెస్‌జ్యాన్‌తో మొదలైంది కాదన్నమాట. పిల్లల్లో ఒకడు చెన్నైలో కోచింగ్ తీసుకున్నాడట, ఆ మెట్లు ఎక్కాడట కూడా, ఎవరు కట్టించారో తెలీకుండానే.

మిగతావి గబగబా. చెప్పులు గ్రిప్ ఉన్నవి వేసుకోండి, ఫౌంటెన్ల దగ్గర తడి ఉంటే రాయి జారుతుంది, చలికాలం మంచు పడ్డాక అయితే మరీను. టోపీ తప్పనిసరి, మెట్ల మీద నీడ దాదాపు లేదు. నీళ్ళ బాటిల్ కొనక్కర్లేదు, ఊరంతా పుల్పులాక్ అని రాతి కుళాయిలు ఉంటాయి, వంగి నోరు పెట్టి తాగడమే, నీళ్ళు ఐసులా ఉంటాయి. స్ట్రోలర్ ఉంటే బయట మెట్ల మీద నరకం. గ్యాలరీలు కొన్ని రోజులు మూసి ఉంటాయి, ఎస్కలేటర్‌కీ టైమింగ్స్ ఉన్నాయి, వెళ్ళేముందు చూసుకోండి. టాక్సీ యాప్‌లోనే పిలవండి, రోడ్డు మీద ఆపి మాట్లాడుకుంటే మాకైనట్టే మూడింతలు అవుతుంది. హోటల్ ఆపెరా చుట్టుపక్కల తీసుకుంటే అసలు టాక్సీ గోలే లేదు.

5కి 4.5 ఇస్తున్నా. అర మార్కు నీడ లేనందుకు. తుప్పు చువ్వలకి నేనేం తగ్గించలేదు.

తెనాలి వెళ్ళాక అమ్మ మా పిన్నితో ఫోన్‌లో చెప్తుంటే విన్నా. "572 మెట్లే, మొత్తం ఎక్కాను, పైన మంచుకొండ దర్శనం, ఎంత బాగుందో" అంటోంది. ఎస్కలేటర్ ఊసే ఎత్తలేదు. నేనూ మధ్యలో దూరలేదు.